పరభాషను స్వభాషగా చేసికొన్న సాధకుడు – బ్రౌన్

నేర్చుకొనుటకు తగిన సాధనాలు లేనిచోట వాటిని తానే నిర్మించుకొని, ఆ నిర్మాణంలోనే విద్యావంతుడైన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

ఆయన 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. 1817లో కుంపిణీ కొలువునకై మద్రాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులుగారి వద్ద తెలుగు ఓనమాలు దిద్దారు. 1820లో దత్తమండలాలలోని కడపకు ఉద్యోగిగా వచ్చారు. పరీక్ష గట్టెక్కినది గాని కావ్యాలు కొరుకుడు పడలేదు. ఉన్న కొద్దిపాటి వ్యాకరణాలు, నిఘంటువులు ఆయన అవసరానికి చాలలేదు.

అప్పుడాయన దృష్టి వేమనపై పడింది. వేమన సమాధి గల కటారుపల్లె మన కదిరి ప్రాంతంలోనిదే. ఆనాడు కదిరి తాలూకా కడప జిల్లాలో ఉండేది. వేమన పద్యాల తాటాకు ప్రతులు ఒకదానితో ఒకటి పొసగేవి కావు. బ్రౌన్ ఒక పద్ధతిని ఏర్పరచుకొన్నారు. ఒకే గ్రంథానికి గల పలు ప్రతులను సేకరించడం, ఒకదానిని కాగితంపై ఎత్తి వ్రాయించడం, పండితులచేత తక్కినవాటితో పోల్పించి పాఠభేదాలు గుర్తింపజేయడం, చర్చించి సరియైన పాఠాన్ని నిర్ణయించడం – ఇవే దాని మెట్లు. వేమనకు పనికివచ్చిన పద్ధతియే మనుచరిత్ర, వసుచరిత్రలకూ పనికివచ్చింది. జూలూరి అప్పయ్య వంటి పండితులు ఆయనకు కుడిభుజమైనారు. కడపలోని తన బంగళాలోనే పండితులను కూర్చి, వారి జీతాలను తానే భరించి, బ్రౌన్ అప్పులపాలైనారు; అయినను పని మానలేదు.

1827లో ఛందోగ్రంథం, 1829లో 693 వేమన పద్యాలు ఆంగ్లానువాదంతో, 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. ‘చలి’లోని చకారం వేరు, ‘చెట్టు’లోని చకారం వేరు. తెలుగువారు ఆలోచింపకనే పలికే ఈ భేదాన్ని పరభాషీయునికి చూపుటకై నిఘంటువులో ప్రత్యేక చిహ్నం వాడారు. ఒక నియమాన్ని ఏర్పరచుకొని వేల పదాలపై పరీక్షించినవానికి గాని భాషాస్వభావం బోధపడదు.

పండితులు అన్యదేశ్యాలని త్రోసిపుచ్చిన కచేరీ మాటలను సైతం ఆయన విడువలేదు. తెలుగులో కలిసిపోయిన పారసీ, అరబ్బీ, హిందూస్తానీ పదాలకై 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించారు. అటుపిమ్మట ఇంగ్లండు చేరి, లండన్‌లో తెలుగు ఆచార్యులై, 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలంలో నేడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం నెలకొని ఉన్నది.

విద్యార్థి మిత్రులారా! మనలో పలువురికి ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు. తెలుగు మన భాష కాదని సంకోచించువారు బ్రౌన్‌ను తలచుకొనవలెను. అంగడిలో దొరికే గైడు పరీక్షను దాటించవచ్చును గాని భాషను ఈయలేదు. మెట్టచేలలో రైతు పలికే మాటను, ఇంట అమ్మ పలికే మాటను ప్రక్కప్రక్కన వ్రాసి, వాటి పోలికలు, భేదాలు మీకు మీరే గుర్తించండి. ఆ నోటుపుస్తకమే మీ తొలి నిఘంటువు కాగలదు.