గుంటూరు డాక్టరమ్మ అన్నా కుగ్లర్



హిందూపురంలోనో ధర్మవరంలోనో రైలెక్కి, అనంతపురం దాటి గుంటూరు దాకా వెళ్ళి వచ్చినవారు మీలో చాలామంది ఉంటారు. కొందరు పిల్లల చదువు కోసం, కొందరు చుట్టాల పెళ్ళికి, కొందరు వైద్యానికి వెళ్ళి ఉంటారు. ఆ ఊళ్ళో కుగ్లర్ ఆసుపత్రి అనే పేరు మీ చెవిన పడే ఉంటుంది. అదేదో దొరల కాలంనాటి పేరు అనుకొని ఊరుకొని ఉంటారు. ఈ వారం ఆ పేరు గల మనిషిని గురించి చెప్పుకుందాం.

ఆమె కతోలికురాలు కాదు, లూథరన్. ఏటా జనవరి 18 నుండి 25 వరకు క్రైస్తవుల ఐక్యత కోసం మనం గుడిలో ప్రార్థన చేస్తాం. ఎవరితో ఐక్యత కోరుతున్నామో వారిలో ఒక్కరి జీవితమైనా మనకు తెలియకపోతే ఆ ప్రార్థన పెదవుల మీదే ఆగిపోతుంది. అందుకే ఈ కథ.

లూథరన్‌లు అనగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఒక మాట అంటారు: విశ్వాసం ఉంటే చాలు, సత్ క్రియలు అక్కరలేదు అనేవాళ్ళు కదా అని. చిన్నప్పుడు జ్ఞానోపదేశ తరగతిలో నేనూ అలాగే విన్నాను. లూథరు చెప్పింది సరిగ్గా అది కాదు. మనిషి తన పుణ్యంతో మోక్షాన్ని కొనుక్కోలేడనీ, అది దేవుడు ఉచితంగా ఇచ్చేదనీ, దాన్ని విశ్వాసంతో అందుకోవాలనీ ఆయన బోధ. మరి మంచి పనులు ఎందుకు? దేవునికి వాటి అవసరం లేదు గాని పొరుగువానికి ఉంది కాబట్టి. ఈ విషయం మీద 400 ఏళ్ళకు పైగా రెండు సభలూ తగవులాడుకున్నాయి. చివరకు 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో మన శ్రీసభ, ప్రపంచ లూథరన్ సమాఖ్య కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి.

మరో సంగతి మీకు ఆశ్చర్యం కలిగించవచ్చు. దేవుని పది ఆజ్ఞలను లెక్కపెట్టడంలో మిగతా ప్రొటెస్టెంటు సంఘాలకూ మనకూ తేడా ఉంది. లూథరన్‌లకూ మనకూ మాత్రం లెక్క ఒకటే. నరహత్య చేయరాదనేది మనకు ఐదవ ఆజ్ఞ, వారికీ ఐదవదే. 1529లో లూథరు పిల్లల కోసం వ్రాసిన చిన్న జ్ఞానోపదేశంలో ఈ ఆజ్ఞకు ఇచ్చిన వివరణ చంపకుండా ఉండడంతో ఆగదు. పొరుగువాని శరీరానికి ఏ హానీ చేయకూడదు, అంతేకాదు, అతని శరీరానికి కలిగే ప్రతి అక్కరలోనూ ఆదుకోవాలి అని చెబుతుంది. కళ్ళ ముందు రోగి ఉంటే, చేతిలో మందు ఉండి కూడా ఊరుకోవడం ఆ ఆజ్ఞను మీరడమే అన్నమాట. మద్రాసులో తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ మిషనరీ ఆ చిన్న పుస్తకాన్నే తెలుగు చేసి, 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన మొట్టమొదటి పుస్తకాలలో అదొకటి.

ఇక అన్నా సారా కుగ్లర్ దగ్గరకు వద్దాం. ఆమె 1856 ఏప్రిల్ 19న అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆర్డ్‌మోర్ అనే ఊళ్ళో పుట్టారు. ఆ రోజుల్లో ఆడపిల్ల డాక్టరు చదువుతానంటే అక్కడ కూడా నవ్వేవారు. ఫిలడెల్ఫియాలో ఆడవారి కోసమే పెట్టిన వైద్య కళాశాల ఒకటి ఉండేది. ఆమె అందులో చదివి 1879లో పట్టా పుచ్చుకున్నారు. మన మహారాష్ట్రకు చెందిన ఆనందీబాయి జోషి 1886లో డాక్టరైంది కూడా ఆ కళాశాలలోనే. చదువయ్యాక కుగ్లర్ నారిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో స్త్రీల విభాగంలో పనిచేశారు.

1882లో ఆమెకు గుంటూరు నుండి ఒక ఉత్తరం వచ్చింది. వ్రాసింది అక్కడ పనిచేస్తున్న ఆడం రో అనే లూథరన్ పాస్టరు. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చినప్పటి నుండి అక్కడ ఆ మిషను ఉంది. బడులున్నాయి, గుళ్ళున్నాయి. ఆడవారికి వైద్యం చేసే ఆడ డాక్టరు మాత్రం లేదు. ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలు, పెద్ద కులాల ఇల్లాళ్ళు మగ డాక్టరుకు చేయి కూడా చూపించరు. కాన్పు కష్టమైతే మంత్రసాని చేయగలిగినంత చేసేది, తరువాత దేవుడే దిక్కు. పెనుకొండలోనూ హిందూపురంలోనూ మన ముత్తవ్వల కాలంలో పరిస్థితి వేరుగా ఉండేదా? ఏ ఇంట్లో అడిగినా, కాన్పులో పోయిన ఒక ముత్తవ్వ కథ ఉంటుంది.

కుగ్లర్ తమ సభలోని స్త్రీల మిషనరీ సమాజానికి దరఖాస్తు పెట్టుకున్నారు. వారు కాదనలేదు గాని, వైద్యపు పని తలకెత్తుకోవడానికి తాము సిద్ధంగా లేమన్నారు. ఘోషా ఇళ్ళలో స్త్రీలకు చదువు చెప్పడానికైతే పంపుతామన్నారు. చదివిన చదువును పక్కన పెట్టి వేరే పనికి రమ్మంటే మనలో ఎంతమందిమి వెళతాం? ఆమె సరేనన్నారు. 1883 ఆగస్టులో ఓడ ఎక్కి, నవంబరు 29న గుంటూరు చేరారు. అయితే ఆమె సామానుతో పాటు మందులూ వచ్చాయి.

ఆ మందులు తేవడం ఇచ్చిన మాటకు విరుద్ధమా అని నన్నడిగితే, కాదనే చెబుతాను. ఆమె పాఠం మానలేదు. ఘోషా ఇళ్ళకు వెళ్ళి ముస్లిం స్త్రీలకు చదువు చెప్పారు, బడుల బాధ్యత చూశారు. కాని చదువు చెబుతున్న ఇంట్లో లోపలి గది నుండి మూలుగు వినిపిస్తే ఏం చేయాలి? మొదటి ఏడాదిలోనే, రోగుల ఇళ్ళకు వెళ్ళి కొందరికి, తానుండే ఇంటికి వచ్చిన కొందరికి, మొత్తం 450 మందికి పైగా ఆమె వైద్యం చేశారు. అందరూ ఆదరంగా పిలిచారని కాదు. ఆమె ముట్టుకుంటే మైల అనుకునే ఇళ్ళుండేవి. లోపలికి రానివ్వడానికి సందేహించి, చివరకు ప్రాణం మీదికి వచ్చాక కబురు పంపేవారు. ఆమె వెళ్ళేవారు.

రెండేళ్ళు గడిచాక, 1885 డిసెంబరులో, సమాజం వారు ఆమెను వైద్య మిషనరీగా నియమించారు. అంటే అప్పటికే జరుగుతున్న పనికి పేరు పెట్టారు. ఆ తరువాత అమెరికాకు సెలవు మీద వెళ్ళినప్పుడు ఆమె విరాళాలు పోగుచేశారు. 1893లో గుంటూరులో సొంత స్థలంలో మందుల శాల తెరిచారు. 1898 జూన్‌లో 50 పడకల ఆసుపత్రి మొదలైంది. చదువు చెప్పడానికని పంపిన మనిషి 15 ఏళ్ళు తిరగకముందే స్త్రీలకూ పిల్లలకూ పెద్దాసుపత్రి నిలబెట్టింది. నర్సు పని అంటే కులం తక్కువ పని అని చూసే రోజుల్లో తెలుగు అమ్మాయిలకు ఆ పని అక్కడ నేర్పారు. ఇంగ్లీషు ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది గాని, ఆ సంగతి మీద ఎక్కువసేపు ఆగనక్కరలేదు.

వైద్యం ఎరగా చూపి మతం మార్చారు అనే మాట ఇలాంటి ఆసుపత్రుల మీద అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ వస్తుంది. అక్కడ పవిత్ర గ్రంథం చదివి వినిపించేవారు, అది దాచిన పని కాదు. కాని ఏలూరు సంగతి వినండి. అక్కడి జమీందారు రాజా మంత్రిప్రెగడ భుజంగరావు గారు కవి, మంజువాణి అనే సాహిత్య పత్రిక నడిపినవారు. ఆయన రాణి చిన్నమ్మ గారికి కుగ్లర్ వైద్యం చేశారు. ఆమె కోలుకున్నారు. రాజావారు హిందువుగానే ఉన్నారు. కృతజ్ఞతగా ఆసుపత్రికి వచ్చే రోగుల బంధువులు దిగడానికి ఒక సత్రం కట్టించారు. దూరపు ఊళ్ళ నుండి వచ్చి, ఆచారం వదలలేక, వంటకు చోటు లేక అవస్థపడే కుటుంబాలకు అది ఎంత పెద్ద ఉపకారమో ఆసుపత్రి వరండాలో రాత్రులు గడిపినవారికి తెలుస్తుంది. రాజావారి ఇంట్లో ఒక ఆడపిల్లకు డాక్టరమ్మ పేరే పెట్టుకున్నారు, అన్నమ్మ అని. పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసుకు అన్ని మతాలవారూ వెళ్ళడం చూసిన మీకు ఇది వింతగా అనిపించదు.

ఇక మన సంగతి. లూథరన్ సమాజం మొదట వద్దన్నదని చెప్పుకున్నాం గదా. మన శ్రీసభ ఏం చేసిందో కూడా చెప్పుకోవాలి. మఠకన్యలు వైద్యులుగా పనిచేయడానికి, ముఖ్యంగా కాన్పులు చేయడానికి, సభా చట్టం ఒప్పుకునేది కాదు. డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే కతోలిక వైద్యురాలు ఇండియాలోని స్త్రీల దుస్థితి చూసి, ఈ నిషేధం తీసివేయమని రోమునగరానికి ఎన్నోసార్లు మొరపెట్టుకొని, ఫలితం చూడకుండానే 1913లో కన్నుమూశారు. ఆమె జీవితం చదివి కదిలిపోయిన ఆస్ట్రేలియా డాక్టరు మేరీ గ్లౌరీ 1920 ఫిబ్రవరిలో మన గుంటూరుకే వచ్చి, జె.ఎం.జె. సభలో చేరి సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అయ్యారు. ఆమె వైద్యం చేయడానికి పోపు 15వ బెనెడిక్టు గారి ప్రత్యేక అనుమతి కావలసివచ్చింది. నిషేధం అందరికీ తొలగింది 1936లో. అంతవరకు ఎన్ని ఊళ్ళలో ఎంతమంది తల్లులు కాన్పు మంచం మీద పోయారో లెక్క ఎవరు కట్టారు? చట్టం వ్రాసిన గురువులు చెడ్డవారు కారు. మఠకన్య పవిత్రతకు రక్ష అనుకొని వ్రాశారు. లూకా సువార్త 10వ అధ్యాయంలో గాయపడిన మనిషిని చూసి పక్కనుండి పోయిన యాజకుడు కూడా ఏదో ఒక నియమాన్ని పాటిస్తూనే పోయి ఉండవచ్చు.

1920 నుండి పదేళ్ళపాటు ఆ ఒక్క ఊళ్ళోనే ఇద్దరు డాక్టరమ్మలు ఉన్నారు. ఒకరు లూథరు జ్ఞానోపదేశం చదివి పెరిగినవారు, అప్పటికి అరవై దాటినవారు. మరొకరు జపమాల ధరించిన మఠకన్య, ముప్పై దాటినవారు. సిస్టర్ మేరీ చిన్న మందుల శాలను సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిగా పెంచారు, 1943లో దేశంలోని కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. ఆమె గురించి మరో వారం వివరంగా చెప్పుకుందాం.

కుగ్లర్ గారు పెళ్ళి చేసుకోలేదు, అమెరికాలో స్థిరపడలేదు. గుంటూరులోనే 47 ఏళ్ళు గడిపి, 1930 జూలై 26న అక్కడే కన్నుమూశారు. ఆసుపత్రికి ఆ తరువాత ఆమె పేరే పెట్టారు. మీ ఇంట్లో మన సభా పంచాంగం ఉంటే తీసి జూలై 26 చూడండి. ఆ రోజు మరియమాత తల్లి అన్నమ్మ గారి పండుగ. లూథరన్‌లు పునీతులకు ప్రార్థన చేయరు. ఆ రోజున మన గుళ్ళలో మాత్రం పూజ సమయంలో ఆమె పేరు గల పునీతురాలినే తలుచుకుంటూ ఉన్నారు.