మైకేల్ ఫారడే మహాశయుడు

స్టీలు గిన్నెలో చింతపండు పులుసు కాచినను దానికి త్రుప్పు పట్టదు. మన పూర్వుల కాలమున ఇత్తడి పాత్రకు కళాయి పూయింపక పులుసు కాచినచో చిలుమెక్కి విషతుల్యమగుచుండెను. పులుపునకు లొంగని లోహము మనకు లభించుటకు బహుజనులు పాటుపడిరి. వారిలో మైకేల్ ఫారడే చరిత్రము విద్యార్థు లెఱుఁగఁదగినది. ఏలయన నది మన సీమ ఉక్కుతోడను సంబంధించినది.

ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన లండను చెంత న్యూయింగ్టనులో ఒక పేద కమ్మరికి జన్మించెను. చదువు స్వల్పము. పదునాలుగవ యేట పుస్తకములు కుట్టు దుకాణమున పనికి కుదిరి, కుట్టవచ్చిన గ్రంథములనే చదివి జ్ఞానము గడించెను. 1812లో హంఫ్రీ డేవీ పండితుని ఉపన్యాసములు విని, వానిని చక్కగా వ్రాసి, స్వహస్తముతో కుట్టి ఆయనకే పంపెను. అందువలన 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సహాయకుఁడాయెను.

ఆ దినములలో దక్షిణ భారతపు ఉక్కు ఊట్జ్ అను పేర ఐరోపాలో ప్రసిద్ధి గాంచియుండెను. ఆ పేరు ఉక్కు అను మాటనుండియే పుట్టినదని పెక్కురు పండితుల మతము. నిర్మలు ప్రాంతమునను, నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమునను కమ్మరులు మట్టిమూసలలో ఇనుము నుంచి, మూతవేసి, బొగ్గుల కొలిమిలో తిత్తులూఁదుచు ఈ ఉక్కును చేయుచుండిరి. పారసీక వర్తకులు కత్తులకై దానిని కొనిపోవుచుండిరి. 1824లో గతించిన వాయిసీ అను వైద్యుఁడు ఆ పని కన్నులార చూచి వ్రాసియుంచెను. ఆ కమ్మరుల పేళ్లు మాత్ర మెవ్వరును వ్రాయలేదు.

ఫారడే 1819లో ఊట్జ్‌ను పరీక్షించి, దాని గొప్పతనమునకు అల్యూమినియము కారణమని తలఁచెను. తరువాతి శోధకులకు అది కానరాలేదు. అందధికముగానున్న కర్బనమే ముఖ్యకారణమని తేలినది. అయినను ఆ అన్వేషణ వృథగాలేదు. స్టోడార్ట్ అను కత్తుల పనివానితోఁ గూడి ఆయన ఉక్కులో వెండి, ప్లాటినము, రోడియము మున్నగువానిని కలిపి చూచెను. 1822లో ప్రకటించిన వ్యాసమున క్రోమియము కలిపిన ఉక్కును గూడ వర్ణించెను. అందు క్రోమియము నూటికి మూడు పాళ్లకు మించలేదు. త్రుప్పు నడ్డుటకు అది చాలదు. 1823లో స్టోడార్ట్ మరణించెను. కొలదికాలమునకే ఆ కృషి నిలిచిపోయెను.

1836లో షోన్‌బైన్ అను పండితుఁడొక వింతను ఫారడేకు తెలిపెను. పలుచని నత్రికామ్లములో ఇనుము బుసబుస పొంగుచు కరఁగును. చిక్కని ఆమ్లములో నిశ్చలముగా నుండును. లోహపు పైభాగమున ఆమ్లజని చేరి కవచమువలె కాపాడుచున్నదని ఫారడే ఊహించెను. నేఁటి శాస్త్రజ్ఞులును దాదాపుగా నట్లే చెప్పుదురు.

1913లో షెఫీల్డు నగరమున హారీ బ్రేర్లీ నూటికి సుమారు పదుమూఁడు పాళ్ల క్రోమియముతో ఉక్కు పోయించి, అది వినెగరునకును నిమ్మరసమునకును లొంగకుండుట కనుఁగొనెను. క్రోమియము గాలిలోని ఆమ్లజనితోఁ గలిసి కంటి కగపడని పొరయగును. గీఁత పడినను తానే మరల పూడుకొనును. చింతపండు, పెరుగు, నిమ్మలలోని పులుపు దానిని సులభముగా ఛేదింపలేదు. ఉప్పులోని క్లోరైడు మాత్రము అక్కడక్కడ చొచ్చి గుంటలు పెట్టును. కావున ఊరుగాయను నేఁటికిని జాడీలో నుంచుటయే మేలు.

ఫారడే విద్యుచ్ఛాస్త్రమున గడించిన కీర్తి జగద్విదితము. అయినను రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని నిరాకరించెను. క్రిస్మసు సెలవులలో బాలురకు శాస్త్రోపన్యాసములు చేయుట ఆయన కెంతయు ప్రీతి. 1867 ఆగస్టు 25వ తేదీన కీర్తిశేషుఁడాయెను.

విద్యార్థులారా! ఊట్జ్ విషయమున ఆ మహనీయుని నిర్ణయము తప్పెను, శ్రమ తప్పలేదు. ఆయన విడిచినచోట ఇతరులు మొదలిడిరి. స్టీలు గిన్నె తోమునపుడు ఆయనతోపాటు పేరులేని మన కమ్మరులను గూడ స్మరింపుఁడు.