తూనీగ విమానం కట్టిన శాంటోస్ డుమాంట్

సైకిలు కొనుక్కున్నట్టే మామూలు మనిషి కూడా స్వంత విమానం పెట్టుకోవచ్చునని కలగన్నవారు ఆల్బెర్టో శాంటోస్ డుమాంట్ గారు.

1873లో బ్రెజిల్‌లో కాఫీ తోటల ఆసామి ఇంట పుట్టారు. పారిస్ చేరి, 1901 అక్టోబరు 19న తాను కట్టిన గాలిఓడపై ఈఫిల్ టవరును చుట్టివచ్చి లక్ష ఫ్రాంకుల బహుమతి గెలిచారు. ఆ సొమ్మును పనివాళ్లకూ, ఆ ఊరి పేదలకూ పంచేశారు. 1903లో ఒకనాడు చిన్న గాలిఓడను తన ఇంటి ముందు వీధిలోనే దింపి, లోపలికి పోయి కాఫీ తాగివచ్చారు!

1906లో పారిస్ జనం ఎదుట విమానం ఎగరేశారు. రైట్ సోదరులు 1903లోనే ఎగిరారు కదా, ఆ తగువు మాకెందుకు? మాకు ముచ్చటైనది 1907లో మొదలెట్టిన డెమ్వాజెల్, అనగా తూనీగ. వెదురు బొంగులు, సిల్కు గుడ్డ, చిన్న ఇంజను, అంతే. ఖాళీ బరువు సుమారు 110 కిలోలు. నడిపేవారు రెక్క కింద, చక్రాల మధ్య కూర్చోవాలి. ఆయన బక్కపలచని మనిషి గనుక చెల్లింది, లావుపాటివారికి కష్టమే.

పేటెంటు తీసుకోలేదు, ఎవరైనా కట్టుకోండన్నారు. 1910లో అమెరికాలో పాపులర్ మెకానిక్స్ పత్రిక ఆ నమూనాలను అచ్చువేసింది. రోలాఁ గారోస్ వంటి వైమానికుడు దానిపైనే ఎగరడం నేర్చాడు.

ఆ ఏడే జబ్బుచేసి ఆయన ఎగరడం మానేశారు. తరువాత యుద్ధం వచ్చింది, విమానాలు బాంబులు మోశాయి. యుద్ధంలో వాటిని వాడరాదని 1926లో నానాజాతి సమితికి విన్నవించారు, ఎవరూ వినలేదు. 1932లో స్వదేశంలోనే అంతర్యుద్ధం రేగి, బ్రెజిల్ విమానాలే బ్రెజిల్ ఊళ్లపై బాంబులు వేశాయి. అప్పటికే మనసు చెదిరిన ఆయన జూలై 23న, గ్వారుజా అనే సముద్రతీర పట్టణంలో తన ప్రాణం తానే తీసుకున్నారు. అప్పటికి 59 నిండి మూడు రోజులు.