మేరీ టీల్బీ

పందొమ్మిదవ శతాబ్దపు నడిమి కాలమున లండను ప్రపంచములోని నగరములన్నిటికంటెను పెద్దది. 1861వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము అచ్చట సుమారు 28 లక్షలమంది నివసించుచుండిరి. ఆ జనసమ్మర్దము నడుమ దిక్కులేక తిరుగుచుండిన కుక్కలను లెక్కించినవారు లేరు. అవి అన్నియు వీథిలో పుట్టినవి కావు. పిల్లలు ఆడుకొనుటకని తెచ్చిన కుక్కపిల్ల పెరిగి పెద్దదైన పిదప, వేడుక తీరి వెళ్లగొట్టబడినది ఒకటి. ఇల్లు మారునప్పుడు యజమాని విడిచిపోయినది మఱియొకటి. బండ్ల రద్దీలో దారి తప్పినది వేఱొకటి. ఆ దినములలో ఇంగ్లండున పెంపుడు కుక్కకు ఏటేట 12 షిల్లింగుల పన్ను కట్టవలసియుండెను. కూలివానికి అది కొన్ని దినముల సంపాదన. పైగా పిచ్చికుక్క కాటునకు మందు లేని కాలమది. లూయీ పాశ్చర్ కనుగొనిన టీకా మనుష్యులకు మొదటిసారి వేయబడినది 1885లో. కావున యజమాని లేని కుక్కను చూచినంతనే జనులు భయపడి రాళ్లు రువ్వుచుండిరి. ఒకనాడు ఇంటిలో ముద్దుగా పెరిగిన ప్రాణికి ఆ రాళ్ల కారణము తెలియదు గదా!

ఇట్టి కుక్కలకు తలదాచుకొను చోటు కల్పించిన స్త్రీ మేరీ టీల్బీ. ఆమె 1801వ సంవత్సరము డిసెంబరు నెలలో జన్మించెను. పుట్టినింటి పేరు బేట్స్. హల్ రేవుపట్టణమునకు చెందిన రాబర్ట్ టీల్బీ అను కలప వర్తకుని ఆమె వివాహమాడెను. చాల సంవత్సరములకు పిమ్మట భర్తకు దూరమై, లండను ఉత్తరభాగమున నున్న ఇస్లింగ్టనులో పుట్టింటివారితో నివసింపసాగెను. ఆమె సోదరుడు ఎడ్వర్డ్ బేట్స్ క్రైస్తవ మతాచార్యుడు. ఆమెకు గొప్ప సిరిసంపదలు లేవు. ఆ కాలపు ఇంగ్లండులో వివాహిత యగు స్త్రీకి తన సంపాదనపై సయితము హక్కు లేదు. ఆ హక్కు నిచ్చిన మొదటి చట్టము 1870లో గాని రాలేదు. ఏబది యెనిమిదేండ్ల వయస్సు వచ్చువఱకు ఆమె పేరు ఇరుగుపొరుగువారు తప్ప ఎఱుగరు.

1860వ సంవత్సరమున ఆమె స్నేహితురాలు సారా మేజర్ ఇంటికి ఆకలిచే కృశించి చావునకు సిద్ధముగా నున్న కుక్క యొకటి చేరెను. స్నేహితురాండ్రిద్దరును దానికి ఆహారమిచ్చి ఉపచారములు చేసిరి. అయినను అది బ్రదుకలేదు. ఇట్టి సంఘటన జరిగినప్పుడు ఒకపూట దుఃఖించి మఱచిపోవుట లోకసహజము. మేరీ అట్లు మఱువలేదు. వీథులలో ఇట్లే చచ్చుచున్న తక్కిన కుక్కల సంగతి ఆమెను వేధింపసాగెను. ఆమె మఱికొన్నిటిని చేరదీసెను. ఇంటిలో చోటు చాలకపోవుటచే ఆ సంవత్సరము అక్టోబరు నెలలో హాలోవే ప్రాంతమునందలి హాలింగ్స్‌వర్త్ వీథిలో గుఱ్ఱపుసాలల నద్దెకు తీసికొని, దారి తప్పినవియు ఆకలిచే మాడుచున్నవియు నగు కుక్కలకు తాత్కాలిక నిలయమును నెలకొల్పెను. జంతుహింసా నివారణకై 1824లోనే ఏర్పడిన సంఘము వీరి సమావేశమునకు తన కార్యాలయమున చోటిచ్చెను. సోదరుడు తోడ్పడెను. వ్యయమంతయు చందాలపై ఆధారపడియుండెను.

పని ఇంకను కుదుటపడకమునుపే పరిహాసము మొదలయ్యెను. దేశమంతట పేరుగాంచిన టైమ్స్ పత్రిక ఆ నెలలోనే ఈ ప్రయత్నమును వెక్కిరించుచు వ్రాసెను. కుక్కలకు నిలయమా యని నవ్వినవారు అనేకులు. నవ్వుటకు వారికి గల కారణము పూర్తిగా త్రోసివేయదగినది కాదు. ఆ నగరములోనే వేలకొలది పిల్లలు చింపిగుడ్డలతో, కాలికి చెప్పులు లేక, మెట్లమీదను వంతెనల క్రిందను నిద్రించుచుండిరి. వారిని విడిచి కుక్కలకు రొట్టె పెట్టుట న్యాయమా యను ప్రశ్న ఎవరికైనను తోచును. కాని ఆ ప్రశ్న వేసినవారిలో ఎందఱు ఆ పిల్లల కొఱకు చేయి చాచిరో చెప్పుట కష్టము. మేరీ వాదమునకు దిగక తన పనిని సాగించెను.

పరిహాసముకంటె కఠినమైన చిక్కు నిలయములోపలనే యుండెను. కుక్కలు వచ్చుటకు అంతులేదు. స్థలమునకు హద్దు కలదు. వచ్చిన ప్రతి కుక్కను బ్రదికినంతకాలము పోషింపబూనినచో కొలది మాసములలోనే తలుపులు మూసికొనవలసి వచ్చును. అందుచేతనే నిలయము పేరులో తాత్కాలికమను మాట చేరినది. ముసలివైన పెంపుడు కుక్కలను యజమానులు వదలించుకొను చోటు గాని, ధనికుల కుక్కలకు వైద్యశాల గాని ఇది కాదని నిర్వాహకులు స్పష్టముగా ప్రకటించిరి. పదునాలుగు దినములలోపల యజమాని వచ్చి గుర్తించినచో కుక్క నతనికి అప్పగించుదురు. రానిచో ఖర్చులకై దానిని అమ్ముదురు, లేదా మఱియొక విధముగా వదలించుకొందురు. ఈ రెండవ మాటలో దాగియున్న అర్థము క్రూరమే. అందముగను ఆరోగ్యముగను ఉన్న కుక్కకు క్రొత్త యిల్లు దొరకు ఆశ కలదు. ముసలిదానికి, కుంటిదానికి, గజ్జిపట్టినదానికి ఆ ఆశ మిక్కిలి స్వల్పము. ఒక కుక్క ప్రాణము ముందుగా వచ్చిన కుక్కపైనను, తరువాత రానున్న కుక్కపైనను ఆధారపడియుండెను. ఎంతటి దయగల హృదయమైనను ఈ లెక్కను తప్పించుకొనలేదు.

1862లో పరిస్థితి కొంత మాఱెను. ఆ సంవత్సరము ఇస్లింగ్టనులో జరిగిన మేలుజాతి కుక్కల ప్రదర్శనమును చూచుటకు జనులు విరివిగా వచ్చిరి. దానికి సమీపముననే మేరీ నిలయము కలదు. సుప్రసిద్ధ నవలాకారుడగు చార్లెస్ డికెన్స్ నడుపుచుండిన వారపత్రికలో ఈ రెండు చోట్లను పోల్చిన వ్యాసము వెలువడెను. ఒకచోట బహుమతులు పొందు కుక్కలు, మఱియొకచోట ఎవ్వరును కోరని కుక్కలు! ఆ వ్యాసము నిలయమును మెచ్చుకొనెను. దానిని చదివిన పిదప లోకులు మునుపటివలె నవ్వలేకపోయిరి.

మేరీ ఆరోగ్యము అప్పటికే చెడుచుండెను. పుట్టకురుపు వ్యాధి ఆమెను క్రమముగా కబళించెను. నిలయమునకు అయిదేండ్లు నిండిన మాసముననే, 1865 అక్టోబరులో, ఆమె మరణించెను. బిగిల్స్‌వేడ్ అను చిన్న పట్టణమున ఆమె సమాధి కలదు. అప్పటికి నిలయము ఇంకను అద్దె సాలలలోనే యుండెను. ఇరుగుపొరుగువారు మొఱుగుడును గూర్చి ఫిర్యాదులు చేయుచునే యుండిరి.

1867లో వచ్చిన చట్టము లండను వీథులలోని యజమాని లేని కుక్కలను పట్టు అధికారము పోలీసుల కిచ్చెను. మూడు దినములలో ఎవరును రానిచో వానిని అమ్మవచ్చును, చంపవచ్చును. అట్లు పట్టిన కుక్కలు తరువాత నిలయమునకు రాసాగుటతో వాని సంఖ్య విపరీతముగా పెరిగెను. 1871లో నిలయము థేమ్స్ నదికి దక్షిణమున, రైలుదారుల నడుమ నున్న బాటర్సీ అను చోటికి మాఱెను. రైళ్ల రొదలో కుక్కల మొఱుగుడు ఎవరికిని అంతగా బాధ కలిగింపలేదు. 1883 నుండి పిల్లులను గూడ చేర్చుకొనిరి. 1885లో విక్టోరియా రాణి పోషకురాలయ్యెను. కాని ఈ గౌరవములతోపాటు మఱియొక సత్యమును కలదు. 1884లో బెంజమిన్ వార్డ్ రిచర్డ్‌సన్ అను వైద్యుడు కుక్కలను బాధ తెలియకుండ చంపుటకు ఒక గదిని రూపొందించి యిచ్చెను. ఆ శతాబ్దాంతమున నిలయమునకు వచ్చిన కుక్కలలో అధికభాగము ఆ గదిలోనే ప్రాణములు విడిచెను.

క్రొత్త యిల్లు దొరకుట అరుదు గాక అలవాటుగా మాఱుటకు ఇరువదవ శతాబ్దము పట్టెను. నేడు బాటర్సీలో వచ్చిన ప్రతి జంతువును వైద్యులు పరీక్షింతురు. దాని స్వభావమును కనిపెట్టి చూతురు. కోరివచ్చిన కుటుంబము ఎట్టిదో విచారించి, తగినదని తోచినచో అప్పగింతురు. 2016 నుండి ఇంగ్లండులో ప్రతి కుక్కకు చర్మము క్రింద గుర్తింపు చిప్పు అమర్చుట చట్టరీత్యా తప్పనిసరి; కావున దారి తప్పిన కుక్క యజమాని జాడ సులభముగా తెలియును. స్థాపించిన నాటినుండి ఈ సంస్థ 30 లక్షలకు పైగా కుక్కలను, పిల్లులను చేర్చుకొనినది. తాత్కాలికమను మాట దాని పేరునుండి ఏనాడో తొలగిపోయినది.