పత్తి చేల మధ్యకు దవాఖానా తీసుకెళ్లిన డాక్టర్ డొరొతీ ఫెరెబీ

అమెరికా నల్లజాతి మహిళల పోరాటం అనగానే మనకు రోజా పార్క్స్ గుర్తొస్తారు. డాక్టర్ డొరొతీ బౌల్డింగ్ ఫెరెబీ పేరు మన సభల్లో, క్లాసుల్లో పెద్దగా వినపడదు. చదువుకున్న ఆడవాళ్లు సంఘంగా నిలబడితే ఏం చేయగలరో, ఎక్కడ అడ్డం పడుతుందో తెలుసుకోవడానికి ఆమె జీవితాన్ని మనం చదవాలి.

ఫెరెబీ 1898లో వర్జీనియా రాష్ట్రం నార్‌ఫోక్‌లో పుట్టారు. బంధువుల్లో లాయర్లు ఎక్కువ. ఆమె మాత్రం డాక్టర్ కావాలనుకున్నారు. 1924లో బోస్టన్‌లోని టఫ్ట్స్ వైద్య కళాశాలలో పట్టా తీసుకున్నారు. అయినా తెల్లవాళ్ల ఆస్పత్రులు ఆమెను శిక్షణకు చేర్చుకోలేదు. వాషింగ్టన్‌లో నల్లజాతి ప్రజల కోసం నడిచే ఫ్రీడ్‌మెన్స్ ఆస్పత్రిలో చేరారు.

ఆ నగరంలోనే ఒక పిల్లాడు పాల సీసా దొంగిలించి పోలీసులకు దొరికాడు. తల్లి పనికి పోయింది, ఇంట్లో చంటి తమ్ముడు ఆకలితో ఉన్నాడు. ఆ పేటలో ఉన్న పిల్లల కేంద్రంలో నల్లపిల్లలకు చోటు లేదు. ఈ సంగతి తెలిసిన ఫెరెబీ పిల్లాడి కేసు దగ్గరే ఆగిపోలేదు. నలుగురినీ కూడగట్టి 1929లో నల్లపిల్లల కోసం సౌత్‌ఈస్ట్ సెటిల్‌మెంట్ హౌస్ ప్రారంభించారు.

ఆమె పని చేసిన సంఘం ఆల్ఫా కప్పా ఆల్ఫా. 1908లో హోవార్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థినులు పెట్టుకున్న సొరోరిటీ అది. కాలేజీ వదిలినా సభ్యత్వం పోదు. పట్టభద్రులైన టీచర్లు, నర్సులు, డాక్టర్లు తామున్న ఊళ్లలో శాఖలు పెట్టుకుంటారు, చందాలు వేసుకుంటారు, సేవా పనులు చేస్తారు. 1934లో సంఘం అధ్యక్షురాలు ఐడా జాక్సన్ తాను పుట్టిన మిసిసిపీ రాష్ట్రంలో, హోమ్స్ కౌంటీలో పల్లె టీచర్లకు వేసవి బడి పెట్టించారు. ఆరోగ్యం లేనిచోట చదువు ఒక్కటే నిలవదని అక్కడ అర్థమైంది. మరుసటి వేసవికి ఆరోగ్య యాత్ర తయారైంది. దాని బాధ్యత ఫెరెబీకి అప్పగించారు.

దక్షిణాది రైళ్లలో నల్లవాళ్లకు వేరు పెట్టెలు. అందుకే ఈ మహిళలు మందులు, టీకాలు సర్దుకుని సొంత కార్లలో బయలుదేరారు. జీతం లేదు, సెలవులు పోగొట్టుకున్నారు. హోమ్స్ కౌంటీలో కేంద్రాలు తెరిస్తే జనం రాలేకపోయారు. పంటలో వాటాకు తెల్ల భూస్వాముల పత్తి చేలు సాగుచేసే కుటుంబాలవి. యజమాని పొమ్మంటేనే చేను దాటాలి. బయటి నుంచి వచ్చిన చదువుకున్న నల్లమహిళలు కూలీలకు ఏం నూరిపోస్తారోనని యజమానుల భయం.

ఫెరెబీ వెనక్కి పోలేదు. జనం రాలేకపోతే దవాఖానానే జనం దగ్గరకు నడిపించారు. కార్లు తోటల్లోకి వెళ్లాయి. గుర్రాల మీద కాపలావాళ్లు చూస్తుండగానే చెట్ల కింద బల్లలు వేసి పిల్లలకు మశూచి, డిఫ్తీరియా టీకాలు వేశారు. పళ్లు చూశారు, తల్లులకు తిండి గురించి, శుభ్రత గురించి చెప్పారు. ఏటా వేసవిలో కొన్ని వారాలపాటు, వేల మందికి ఈ వైద్యం అందింది. యుద్ధకాలంలో పెట్రోలు, టైర్లకు రేషన్ రావడంతో 1942 నాటికి యాత్రలు ఆగిపోయాయి.

1939 నుంచి 1941 దాకా ఫెరెబీ ఆ సంఘానికే అధ్యక్షురాలు. 1949లో మేరీ మెక్లియోడ్ బెతూన్ తర్వాత నీగ్రో మహిళల జాతీయ మండలి పగ్గాలు అందుకున్నారు. హోవార్డ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ఆరోగ్య సేవలు నడిపారు. 1980లో కన్నుమూశారు.

ఆ యాత్రలు భూమి ఎవరిదన్న ప్రశ్నను తేల్చలేదు. టీకా వేయించుకున్న పిల్లాడు మళ్లీ అదే యజమాని చేలోకి వెళ్లాడు. అయినా ఆ పిల్లాడు మశూచితో చనిపోకుండా బతకడం చిన్న విషయమని మనం అనలేం. భూమి కోసం కొట్లాడాలన్నా ముందు ప్రాణం ఉండాలి. పట్టా చేతికొచ్చాక ఊరి దారి మరిచిపోకుండా, కార్లో మందులు వేసుకుని వెళ్లిన ఆ టీచర్లను, నర్సులను కూడా ఫెరెబీతో పాటు మనం గుర్తుంచుకోవాలి.