బొంతలపై పూదోట: శ్రీమతి మేరీ వెబ్‌స్టర్

పాత చీరలను పొరలుగా పరచి బొంత కుట్టుట మన ఇండ్లలో పెద్దవారు ఎరిగిన పనియే. దానిని కళ యనువారు అరుదు. దానికి వెల కట్టువారు ఇంకను అరుదు. అమెరికాలోను చాలకాలము బొంత పని ఇంటిచాటు పనిగానే ఉండెను. ఆ పనికి గౌరవమును, వెలను కూడ తెచ్చినవారిలో శ్రీమతి మేరీ వెబ్‌స్టర్ ముఖ్యురాలు.

ఈమె 1859లో ఇండియానా రాష్ట్రమందలి వాబాష్ పట్టణమున జన్మించెను. సూదిపని తల్లివద్ద నేర్చెను. 1884లో జార్జి వెబ్‌స్టర్‌ను వివాహమాడెను. ఆయన బ్యాంకు వ్యవహారములలో నుండెడివాడు. ఒక కుమారుడు కలిగెను. మేరియన్ పట్టణములో సంసారము సాగించుచు, సుమారు 50 ఏండ్ల వయస్సున, 1909 ప్రాంతమున ఈమె తన తొలి బొంతకు రూపకల్పన చేసెను. పూర్వమునుండి వచ్చుచున్న ఒక గులాబి నమూనాను తీసికొని తన తీరున దిద్దుకొనెను.

తరువాత ఈమెకు తోటయే బడి. గసగసాల పువ్వు, ఐరిస్, తులిప్, పొద్దుతిరుగుడు మొదలగువాటి రేకుల ఒంపులు చూచి, ఆ ఆకారములలో గుడ్డ కత్తిరించి, తెల్లని వస్త్రముపై లేత రంగులలో అతికి కుట్టెను. 1911 జనవరిలో లేడీస్ హోమ్ జర్నల్ అను పత్రిక ఈమె బొంతలను రంగులలో అచ్చువేయగా, నమూనాలు పంపుమని పాఠకురాండ్ర నుండి ఉత్తరములు వచ్చెను.

ఇక్కడనే ఈమె గుణము వెల్లడియైనది. పని రహస్యము చెప్పినచో బేరము పోవునని కొందరు దాచుకొందురు. ఈమె అట్లు చేయలేదు. ఒక్కొక్క పొట్లములో పూలను ఎక్కడ అమర్చవలెనో తెలుపు పలుచని కాగితము, బొంత ఛాయాచిత్రము, గుడ్డల రంగు మచ్చులు, కుట్టు విధానము అన్నియు నుంచెను. దూరమున నున్న కొనుగోలుదారు సరుకు తాకి చూడలేదు. కనుక ఆ మచ్చు గుడ్డయే ఆమెకు నమ్మకము. చూడని గురువువద్ద ఎందరో స్త్రీలు ఈ విధముగా విద్య నేర్చిరి.

1915లో ఈమె బొంతల చరిత్రను, కుట్టు పద్ధతిని తెలుపు గ్రంథము వ్రాసెను. కేవలము బొంతలను గూర్చియే వెలువడిన మొదటి గ్రంథముగా దానిని పరిగణింతురు. 1921లో ఇద్దరు స్నేహితురాండ్రతో కూడి ప్రాక్టికల్ ప్యాచ్‌వర్క్ కంపెనీ నెలకొల్పెను. దుకాణము వేరుగా లేదు, స్వగృహమే దుకాణము. నమూనాలు, కత్తిరించిన గుడ్డల కట్టలు, కుట్టి ముగించిన బొంతలు టపాలో పోయెడివి. అన్ని వివరములు విప్పి చెప్పినను వ్యాపారము సుమారు రెండు దశాబ్దములు నడచెను.

1956లో, 97వ ఏట ఈమె పరమపదించెను. మేరియన్‌లోని ఆ యింటిని 1993లో జాతీయ చారిత్రక స్థలముగా ప్రకటించిరి. అది బొంత కళాకారుల గౌరవ మందిరమైనది. ఈమె బొంతలు కొన్ని ఇండియానాపొలిస్ కళాప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి.

వయస్సు మీరినదని విద్యను విడువరాదు. విద్యను పంచినచో వర్తకము తరుగదు. ఈమె జీవితము తెలుపునది ఇదియే.