గణితానికి బాట వేసిన మహనీయుడు: అల్ ఖ్వారిజ్మీ

కంప్యూటరు విద్యలో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థి చెవిన మొదటి దినాలలోనే పడే మాట ఆల్గారిథమ్. ఒక పనిని ఎక్కడ ఆరంభించాలి, ఏ మెట్టు తరువాత ఏ మెట్టు ఎక్కాలి, ఎక్కడ ముగించాలి అని తెలిపే క్రమవిధానానికి ఆ పేరు. అయితే ఈ మాట ఒక మనిషి పేరు నుండి పుట్టినదని ఎరిగినవారు కొద్దిమందే. పన్నెండు వందల ఏండ్ల క్రిందట బాగ్దాదు నగరంలో జీవించిన ముహమ్మద్ ఇబ్నె మూసా అల్ ఖ్వారిజ్మీయే ఆ మహనీయుడు. ఆయన జీవితాన్ని, ఆయన కృషి నేటి విద్యార్థికి నేర్పే పాఠాన్ని ఈ వ్యాసంలో మనవి చేయదలచినాము.

అల్ ఖ్వారిజ్మీ క్రీ.శ. 780 ప్రాంతంలో జన్మించారు. ఆరల్ సముద్రానికి దక్షిణంగా, అమూ దర్యా నది దిగువ భాగాన ఉన్న ఖ్వారిజ్మ్ సీమను ఆయన పేరు సూచిస్తుంది. ఆ సీమ నేడు ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ దేశాలలో చేరి ఉన్నది. ఆయన విద్వత్తు వికసించినది మాత్రం 762లో నిర్మాణం ఆరంభమైన అబ్బాసీ రాజధాని బాగ్దాదులో. 813 నుండి 833 వరకు పాలించిన ఖలీఫా అల్ మామూన్ విద్యాప్రియుడు. ఆయన పోషణలో బైతుల్ హిక్మా, అనగా జ్ఞానమందిరం, విద్వాంసులతో కళకళలాడినది. గ్రీకు, పారసీక, సంస్కృత గ్రంథాలు అరబ్బీ భాషలోకి వచ్చినవి. అల్ ఖ్వారిజ్మీ ఆ విద్వత్సభలో ఒక రత్నం.

మన దేశానికీ ఆయనకూ గల సంబంధం గమనింపదగినది. ఆయన పుట్టుకకు కొద్దికాలం ముందే, ఖలీఫా అల్ మన్సూర్ దినాలలో, భారతీయ జ్యోతిర్గణితం బాగ్దాదు చేరినది. బ్రహ్మగుప్తుని సంప్రదాయానికి చెందిన ఆ విద్య సింద్‌హింద్ అను పేర అక్కడ ప్రసిద్ధి పొందినది. దాని ఆధారంగా ఆయన గ్రహగణిత పట్టికలు సిద్ధపరచినారు. తొమ్మిది అంకెలతో, ఒక సున్నతో ఎంతటి సంఖ్యనైనా వ్రాసే భారతీయ పద్ధతిని వివరిస్తూ వేరొక గ్రంథం రచించినారు. దాని అరబ్బీ మూలం కాలగర్భంలో కలిసిపోగా లాటిన్ రూపం నిలిచినది. లాటిన్ పండితులు ఆయన పేరును అల్గోరిత్మీ అని పలికినారు. తొలుత ఆ అంకెల పద్ధతికి, తదుపరి ప్రతి క్రమవిధానానికి ఆ పేరే స్థిరపడినది.

ఆయన కీర్తికి మూలస్తంభం అల్ జబ్ర్ వల్ ముఖాబలా గ్రంథం. ఆల్జీబ్రా అను మాట ఈ గ్రంథనామం నుండే వచ్చినది. లోపించినదాన్ని పూరించడం జబ్ర్. ఇరువైపులా ఉన్న సమానాంశాలను తొలగించడం ముఖాబలా. ఈ గ్రంథం పండితుల వినోదానికి వ్రాసినది కాదు. వారసత్వం, వీలునామా, ఆస్తి పంపకం, వ్యాజ్యం, వర్తకం, భూముల కొలత, కాలువల త్రవ్వకం వంటి పనులలో జనులకు నిత్యం ఎదురయ్యే చిక్కులు తీర్చడమే తన ఉద్దేశమని ఆయన పీఠికలో తెలిపినారు. పెన్న నీటితో బ్రతికే మన సంగం ప్రాంతీయులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. 19వ శతాబ్దపు ఆనకట్ట అయినా, 2022లో ప్రారంభమైన బ్యారేజీ అయినా, ఆయకట్టు చివరి పొలానికి పారే కాలువ అయినా లెక్క తప్పితే నిలువవు.

ఆయన పద్ధతికి ఒక ఉదాహరణ చూతము. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకు పదిరెట్లు కలిపితే 39 అయినది. ఆ సంఖ్య ఏది? పదిలో సగం 5. దాని వర్గం 25. దానికి 39 కలిపితే 64. దాని వర్గమూలం 8. అందునుండి ముందటి 5 తీసివేస్తే 3. అదే సమాధానం. ఆయన గ్రంథంలో నేటి బీజగణిత సంకేతాలు ఒక్కటీ లేవు; సర్వం మాటలతోనే సాగినది. సమీకరణాలను ఆరు తెగలుగా విభజించి, ఒక్కొక్క తెగకు ఇట్టి మెట్లు అమర్చినారు. అంతటితో ఆగక, చతురస్రాలు గీసి ఆ మెట్లు ఏల సరియైనవో నిరూపించినారు. ఎట్లు చేయాలో చెప్పడం ఒక ఎత్తు, ఏల చేయాలో చెప్పడం మరొక ఎత్తు. ఆయన రెండూ చెప్పినారు.

గ్రంథంలో అధికభాగం వారసత్వపు లెక్కలకే కేటాయింపబడినది. ఒక స్త్రీ మరణించినది. భర్త, ఒక కుమారుడు, ముగ్గురు కుమార్తెలు వారసులు. ఆస్తిలో ఎనిమిదవ వంతు, ఏడవ వంతు కలిపి ఒక పరాయి వ్యక్తికి వీలునామా వ్రాసినది. ఈ లెక్కను మన నెల్లూరు కొలతలో చెప్పుకొందము. ఆస్తి 1120 అంకణాల స్థలమనుకొన్న, వీలునామా క్రింద 300 అంకణాలు పోగా 820 మిగులును. అందులో నాల్గవ వంతు, అనగా 205, భర్తది. మిగిలిన 615ను ఐదు పాళ్లు చేసి రెండు పాళ్లు, అనగా 246, కుమారునికి, ఒక్కొక్క పాలు, అనగా 123 చొప్పున, కుమార్తెలకు ఇవ్వవలెను. అన్నీ కూడిన తిరిగి 1120 రావలెను, వచ్చినది.

ఇదే లెక్కను మన విద్యార్థులు నేడు పైథాన్ భాషలో చేయవచ్చును. గీడో వాన్ రాసమ్ 1991లో లోకానికి అందించిన ఈ భాష ప్రారంభకులకు సులభమని పేరొందినది. అయినను మొదటి అడుగుల్లోనే చిక్కులు ఎదురగును. మీటలపై మనం కొట్టిన అంకెను ఇన్‌పుట్ ఆజ్ఞ అక్షరమాలగానే గ్రహించును. అందుచేత 5కు 6 కలుపుమన్న 11కు బదులు 56 చూపును. ముందుగా దానిని ఇంట్ ద్వారా పూర్ణసంఖ్యగా మార్చవలెను. రెండవ చిక్కు దశాంశాలది. 0.1కి 0.2 కూడిన సరిగా 0.3 రాదు, చివర ఒక సూక్ష్మశేషం మిగులును. కంప్యూటరు ద్విసంఖ్యామానంలో పదవ వంతుకు గాని ఏడవ వంతుకు గాని పూర్తి రూపం లేకపోవడమే కారణం. ఇట్టి పంపకాలకు పైథాన్‌లోని ఫ్రాక్షన్స్ అను విభాగాన్ని వాడిన భిన్నాలు భిన్నాలుగానే నిలుచును. మూడవది, వచ్చిన జవాబును నమ్మి ఊరకుండరాదు. వాటాల మొత్తం మూలధనానికి సమానమా కాదా అని ప్రోగ్రాము చేతనే సరిచూపించవలెను. అంకెల స్వరూపం ఎరుగుట, భిన్నాన్ని భిన్నంగా ఉంచుట, తుదకు సరిచూచుట: ఈ మూడింటికీ అల్ ఖ్వారిజ్మీ రచనలే పూర్వపాఠాలు.

833లో ఆయన భూగోళ గ్రంథం పూర్తి అయినది. అందులో 2402 స్థలాల అక్షాంశ రేఖాంశాలు కలవు. 850 ప్రాంతంలో ఆయన పరమపదించినారు. 1145లో చెస్టర్‌కు చెందిన రాబర్ట్ ఆయన బీజగణితాన్ని లాటిన్‌లోకి అనువదించినారు. 1831లో రోజెన్ ఆంగ్లానువాదం లండనులో వెలువడినది. 1979లో ప్రపంచ కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఆల్గారిథమ్‌లపై చర్చించుటకు ఖ్వారిజ్మ్ సీమలోని ఉర్గెంచ్ నగరంలోనే సమావేశమైనారు.

ఆ శతాబ్దంలోనే రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రచించగా, పదకొండవ శతాబ్దంలో పావులూరి మల్లన దానిని తెలుగు పద్యాలలోకి తెచ్చినారు. లెక్క సామాన్యునికి అందవలెనన్న తపన బాగ్దాదు సొత్తే కాదు, మన తెలుగువారి సొత్తు కూడ.

విద్యార్థులారా! ఎవరో వ్రాసిన ప్రోగ్రామును చూచి వ్రాసి మార్కులు సంపాదించవచ్చును. కాని అందులో ఒక్క మెట్టు తప్పితే నిజజీవితంలో ఒక కుమార్తె వాటా తగ్గును, ఒక రైతు మడికి నీరు చేరకపోవును. తప్పును పట్టుకొనగలవాడు మెట్లు ఎరిగినవాడే. కనుక మీటలపై చేయి వేయుటకు ముందు మెట్లన్నీ మాతృభాషలో, తెలుగులోనో ఉర్దూలోనో, కాగితంపై వ్రాసుకొనండి. కళాశాల కార్యవర్గంవారు కూడ ప్రయోగశాల అభ్యాసాలలో మన పొలాల, కాలువల, పంపకాల లెక్కలకు చోటు కల్పించవలెనని మా విన్నపం. మాటలలో స్పష్టంగా చెప్పగలిగిన విద్యార్థికి ఏ కంప్యూటరు భాషయూ కొరుకుడుపడనిది కాదు. సంకేతం ఒక్కటైనా లేకుండ మాటలతోనే బీజగణితానికి బాట వేసిన అల్ ఖ్వారిజ్మీ జీవితమే అందుకు తార్కాణం.